మాచు పిచ్చు వెళ్ళేవాళ్ళూ, సర్క్యూట్ నంబర్ చూడకుండా డబ్బు కట్టకండి

మాచు పిచ్చు అంటే పెరూలో కొండ మీదున్న పాత ఇంకాల నగరం. అక్కడ టికెట్ మీద రాసిన దారిలోనే తిరగనిస్తారు, ఆ దారుల్నే సర్క్యూట్లు అంటారు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ముందు చేరే కుస్కో నగరంలో, ప్లాజా దె అర్మాస్ అనే పెద్ద కూడలి దగ్గర ఒక ఏజెన్సీ. సర్క్యూట్ 2 ఇప్పిస్తామని నలుగురి డబ్బూ డాలర్లలో ముందే తీసుకున్నారు. చేతికిచ్చింది రిజర్వేషన్ కాగితం. అసలు టికెట్ వాట్సాప్‌లో వచ్చేసరికి ముందురోజు రాత్రి అయింది, అప్పటికి రైలు దిగి కొండ కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌లో ఉన్నాం. తెరిస్తే సర్క్యూట్ 1లోని రూట్ 1-బి!

1-బి అంటే పైమెట్ల మీద నిలబడి ఫోటో తీసుకుని బయటికి రావడమే. పాత నగరంలోకి, గుళ్ళ దగ్గరికి దిగాలంటే సర్క్యూట్ 2 గానీ 3 గానీ కావాలి. దారులన్నీ వన్‌వే, చీలిక దగ్గర కాపలావాళ్ళు టికెట్ చూస్తారు. బతిమాలినా లాభం లేదు, వాళ్ళ తప్పూ కాదు.

ఫోన్ చేస్తే ఏజెన్సీ మనిషి, "ఫోటో వస్తుంది కదా, ఇంకేం కావాలి?" అని పెట్టేశాడు. జన్మలో ఒక్కసారి వెళ్ళే చోటు అది. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఖండాలు దాటి వచ్చినవాళ్ళతో అనే మాటేనా! పైగా విదేశీ పెద్దలకి 1-బి అయినా, సర్క్యూట్ 2లోని 2-ఎ అయినా ప్రభుత్వ ధర ఒక్కటే, 152 సోల్ (పెరూ డబ్బు). సర్క్యూట్ 2 దొరకడం కష్టమని అదనంగా గుంజి, మిగిలిపోయింది కొనిచ్చారు. టికెట్ పాస్‌పోర్ట్ పేరు మీద ఉంటుంది, వాపసు లేదు, ఇంకొకరికి అమ్ముకోలేం. ఆ సంగతి వాళ్ళకి బాగా తెలుసు.

పెరూ సాంస్కృతిక శాఖ వారి 'తు బొలెటో' సైట్‌లో మీరే కొనండి. జూన్, జులై, ఆగస్టుల్లో వెళ్ళేవాళ్ళు నెలల ముందే. ఇంటిపేరు, పేరు, నంబర్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టండి, గేటు దగ్గరికి ఒరిజినల్ పాస్‌పోర్టే పట్టుకెళ్ళండి. రైలు, కొండ మీదికి బస్సు టికెట్లు వేరు. ముందు మాచు పిచ్చు టికెట్ టైము ఖాయం చేసుకుని తర్వాతే రైలు కొనండి.

ఆన్‌లైన్‌లో అయిపోతే ఆగ్వాస్ కాలియెంతెస్‌లోని సాంస్కృతిక శాఖ ఆఫీసులో రోజుకి 1000 టికెట్లు నేరుగా అమ్ముతారు. మామూలుగా మర్నాటికే ఇస్తారు కాబట్టి అక్కడ ఒక రాత్రి ఉండాలి, పొద్దున్నే వెళ్ళి వరుస నంబర్ తీసుకోవాలి. కోరిన సర్క్యూట్ దొరుకుతుందన్న హామీ లేదు.

ఏజెన్సీ తప్పదనుకుంటే క్యూఆర్ కోడ్, మీ పేరు, రూట్ నంబర్ ఉన్న పీడీఎఫ్ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి, అదీ కార్డు మీద.