ఫ్రీఫైల్‌సింక్‌తో ఆరేళ్లు: ఒక డీటీపీ షాపు అనుభవం

2019 వేసవి నుంచి మా షాపులో, ఫైళ్లను పోల్చి ఇంకో డిస్కులోకి కాపీ చేసి ఉంచే ఫ్రీఫైల్‌సింక్ నడుస్తోంది. విజయవాడలో చిన్న డీటీపీ షాపు మాది. మూడు సిస్టములు, వాటి మీద వంతుల వారీగా కూర్చునే నలుగురు ఆపరేటర్లు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఏడాదికి పదో పన్నెండో పుస్తకాలు. అప్పట్లో ఉచితంగా దించుకున్న ఈ సాఫ్ట్‌వేరు మా పనిని కాపాడింది. సెట్టింగులు చూసుకోకుండా వదిలేస్తే మాత్రం పూర్తిగా కాపాడదు. ఎందుకో చెబుతాను.

అంతకు ముందు ఏడాది ఒక రిటైర్డు మాస్టారు తన ఊరి చరిత్ర రాసుకుని తెచ్చారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో, అను అనే తెలుగు ఫాంట్లలో 212 పేజీలు. రోజూ సాయంత్రం వచ్చి నా పక్కనే కూర్చుని ప్రూఫులు దిద్దేవారు. మూడో ప్రూఫు కూడా అయ్యాక ఒక పొద్దున హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. డేటా రికవరీ వాళ్లకిస్తే సగం ఫైళ్లు వచ్చాయి, ఆ పుస్తకం రాలేదు. రెండో ప్రూఫు కాగితాలు ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేశాం. "పర్లేదు బాబూ, ఈసారి ఇంకా బాగా దిద్దుతాను" అన్నారాయన. తిట్టినా బాగుండేదనిపించింది.

ఫ్రీఫైల్‌సింక్ పనిచేసే తీరు సులువు. ఎడమ పక్క మన ఫోల్డరు, కుడి పక్క బయటి డిస్కు. రెంటినీ పోల్చి, ఏ ఫైలు ఎటు పోతుందో బాణం గుర్తులతో చూపిస్తుంది. చూసుకుని సింక్ నొక్కాలి. మారిన ఫైళ్లే కాపీ అవుతాయి గనుక మా అరవై వేల ఫైళ్లకు కూడా ఎక్కువసేపు పట్టదు. మొదటి ఆరు నెలలు మిర్రర్ పద్ధతిలో వాడాను, అంటే ఎడమన ఏముంటే కుడిన అదే ఉంటుంది.

డిస్కు పాడైతే అది చాలు. కానీ నలుగురు ఒకే ఫోల్డరులో చేతులు పెట్టే చోట ఫైళ్లు పోయేది ఎక్కువగా డిస్కు పాడై కాదు. మాఘమాసం ముహూర్తాల తొందరలో పాత శుభలేఖ తెరుస్తారు. పేర్లు, తేదీ, కల్యాణమండపం మారుస్తారు. 'సేవ్ యాజ్' చేయాల్సింది కంట్రోల్ ఎస్ కొట్టేస్తారు. అంతే, పాత కార్డు పోయి దాని పేరుతోనే కొత్త కార్డు కూర్చుంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకు మిర్రర్ ఆ తప్పును కూడా డిస్కు మీదికి ఎక్కించేస్తుంది. ఒక బట్టల కొట్టువాళ్లు ఏళ్లుగా వాడే బిల్లు పుస్తకం డిజైను అలాగే పోయింది. బ్యాకప్ తెరిచి చూస్తే అక్కడా వేరే కొట్టు పేరే ఉంది.

అప్పుడు కూర్చుని సెట్టింగులు ఒక్కొక్కటే చదివాను. తీసేసిన, మారిపోయిన ఫైళ్లను ఏం చేయాలి అని అడిగే చోట మూడు దారులున్నాయి: రీసైకిల్ బిన్‌లో వేయడం, శాశ్వతంగా తీసేయడం, వెర్షనింగ్. మూడోది ఎంచుకుని, వేరే ఫోల్డరు చూపించి, టైమ్‌స్టాంపు పెట్టాను. కొత్త ఫైలు వచ్చి మీద పడేముందు పాతదాన్ని ఆ ఫోల్డరులోకి జరిపి, పేరు వెనక తేదీ, సమయం తగిలిస్తుంది. ఇప్పుడు ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుని "అన్నా, మీద సేవ్ చేసేశాను" అంటే నిన్నటి తేదీ చూసి తీసిస్తాను. ఇలా ఎన్నిసార్లు తీసిచ్చానో లెక్కలేదు. షాపు పిల్లలు తప్పు దాచకుండా వెంటనే చెప్పడం కూడా దీనివల్లే అలవాటైంది. అది నాకు ఫైలు కన్నా విలువైనది.

దీన్ని దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్‌గా దాచి, చెప్పిన వేళకు పనులు మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టాను. ఆ మధ్యలో టైపు చేసి పోగొట్టుకున్నది మాత్రం ఇదేమీ తేలేదు. బయటి డిస్కు తగిలించినప్పుడల్లా డ్రైవు అక్షరం (E, F లాంటిది) మారుతుంటే, అక్షరానికి బదులు డిస్కు పేరును చదరపు బ్రాకెట్లలో రాయొచ్చు. మా దగ్గర రెండు డిస్కులకూ ఒకే పేరు పెట్టాం. ఒకటి షాపులో, ఒకటి మా ఇంట్లో బీరువాలో. శనివారం శనివారం మారుస్తాం.

ఆ రెండో డిస్కు ఎందుకంటే, 2021లో ఎవరో దించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేరుతో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దిగింది. మధ్యాహ్నం జాబ్ నడుస్తుంటే ఫ్రీఫైల్‌సింక్ ఆగి, రెండు ఫోల్డర్లకూ తేడా మరీ ఎక్కువగా ఉంది, సరైనవేనా చూసుకోమని హెచ్చరించింది. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరుకూ ఏదో తోక. కాపీ ఆగింది కానీ, తగిలించి ఉన్న డిస్కు మీదికీ ఆ తెగులు అప్పటికే పాకింది. అందులోని పాత వెర్షన్లు కూడా పోయాయి. ఇంట్లో ఉన్న డిస్కే మమ్మల్ని ఒడ్డున పడేసింది. నాలుగు రోజుల పని మళ్లీ చేసుకున్నాం.

డీటీపీ వాళ్లకు ఇంకో మాట. ఫైలు ఒక్కటీ ఉంటే సరిపోదు. అను ఫాంట్లు లేని సిస్టములో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను, మనం చెబితే తప్ప, ఫైలులో దాచుకోకుండా అవి ఉన్న చోటు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఫాంట్లను, బొమ్మల ఫోల్డర్లను కూడా జాబ్‌లో చేర్చాను. డిజైన్లకు వాడే కోరల్‌డ్రా తనంతట తాను చేసే బ్యాకప్ ఫైలును నమ్ముకునేవాళ్లను చూశాను. మేం వాడే సెట్టింగులో అది అసలు ఫైలు పక్కనే కూర్చుంటుంది, డిస్కు పోతే రెండూ పోతాయి. నెలకోసారి బ్యాకప్ డిస్కు తీసి, ఇంట్లోని లాప్‌టాప్‌లో ఏవో మూడు ఫైళ్లు తెరిచి చూస్తాను. ఫాంట్ల సంగతి బయటపడింది అలాగే.

ఇబ్బందులూ ఉన్నాయి. మిర్రర్, టూ వే, అప్‌డేట్ అనే సింక్ పద్ధతుల తేడా కొత్తవాళ్లకు మొదట అర్థం కాదు. ఎడమ, కుడి తారుమారు చేస్తే పాత ఫైళ్లు వచ్చి కొత్తవాటి మీద పడతాయి, కాబట్టి మొదటిసారి బాణాలు నింపాదిగా చూడాలి. పాత వెర్షన్లు పేరుకుపోయి డిస్కు నిండుతుంది. ఎన్ని రోజులవి ఉంచాలో పరిమితి పెట్టొచ్చు, నేను 180 రోజులు పెట్టుకున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే అలా చేసినా డిస్కులో చోటు చాలడం లేదు, వచ్చే నెల పెద్ద డిస్కులు రెండు కొంటున్నాను.