పద్నాలుగు వాచీలు, ఒక్క చెయ్యి

నిరుడు జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ఒక పిచ్చిపని చేశాను. ఏ రోజు ఏ వాచీ కట్టుకున్నానో పిల్లల హాజరుపట్టీలాగా ఒక పాత నోట్‌బుక్కులో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను. లెక్కల మాస్టర్ని కదా, అంకెలు కనబడితే గానీ నాకు నమ్మకం కుదరదు. దీనికి మొదటి కారణం మాత్రం మా ఆవిడ. అంతకుముందు డిసెంబరులో ఇంకో పార్సిల్ వస్తే అట్టపెట్టె విప్పకముందే "ఇది ఏ చేతికండీ?" అనింది. నా దగ్గర జవాబు లేదు.

లెక్క ఇట్లా తేలింది. కాసియో ఎఫ్-91డబ్ల్యూ 171 రోజులు, సీకో 5 ఏమో 64, మా నాయన హెచ్ఎంటీ జనతా 58. సముద్రంలో దిగేవాళ్ల కోసం చేసే డైవర్ వాచీ 11 రోజులు, పెళ్లిళ్లకని కొన్న పల్చటి టైటాన్ 9. మిగిలిన తొమ్మిదీ కలిపి 18 రోజులు, వాటిలో ఐదైతే ఏడాదంతా డబ్బాలోంచి బయటికే రాలేదు. 34 రోజులు చెయ్యి ఖాళీ.

కాసియో గురించి చెప్పాలి, ఎందుకంటే అది నేను ఇష్టపడి కొన్నది కాదు. తొమ్మిదేళ్ల కింద ఒక మంచి వాచీ రిపేరుకిచ్చి, అది వచ్చేదాకా ఏదో ఒకటి ఉండాలని వెయ్యి లోపు పెట్టి తెచ్చుకున్నాను. ఆ మంచి వాచీ ఇప్పుడు ఎక్కడుందో కూడా గుర్తు లేదు. నేను అనంతపురం నుంచి శింగనమల వైపు బడికి రోజూ బండి మీద పోతాను, బుక్కరాయసముద్రం దాటాక దుమ్ము, ఎండాకాలమైతే పొద్దున తొమ్మిదికే చొక్కా తడిసేంత చెమట, బడిలోకి పోయాక చాక్‌పీసు పొడి. ఇది 21 గ్రాములు, చేతికి ఉన్నట్టే తెలియదు, బోర్డు తుడిచి చెయ్యి కడుక్కునేటప్పుడు దాన్నీ కడిగేస్తాను. నెలకు 30 సెకన్లు అటో ఇటో పోవచ్చని కంపెనీ లెక్క, నాది ఎనిమిది తొమ్మిది సెకన్లు ముందుకు పోతుంది, మూడు నెలలకోసారి సరిచేసుకుంటాను. సెల్లు ఏడేళ్లు వస్తుందంటారు, నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా మార్చాను. బెల్టు అరిగి ఒకసారి కొత్తది వేయించాను, అంతకుమించి ఖర్చు లేదు. చీకట్లో లైటు నొక్కితే ఎడమ పక్క ఒక పచ్చటి మెరుపు వస్తుంది, అలవాటైన కంటికి చాలు. 1989లో వచ్చిన మోడల్ ఇది, మా పదో తరగతి పిల్లల అమ్మల వయసుంటుంది. "సార్, ఇంకా ఇదేనా?" అంటారు వాళ్లు.

సీకో 5 ఆరేళ్లుగా ఉంది. లోపల 7ఎస్26 మిషను, సెల్లు ఉండదు, చెయ్యి కదిలితే దానంతటదే కీ ఎక్కుతుంది. వేలితో తిప్పి కీ ఎక్కించే వీలు లేదు, టైము పెట్టేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. ఇవన్నీ తెలిసే కొన్నాను. తెలియనిదేమిటంటే, రెండు రోజులు పక్కన పెడితే అది ఆగిపోతుంది, మళ్లీ కట్టుకోవాలంటే టైము, తేదీ, వారం మూడూ తిప్పాలి, పైగా ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లారి నాలుగుకీ మధ్య ఉన్నప్పుడు తేదీని ముట్టుకోకూడదు (ఆ వేళకి లోపలి చక్రం తేదీని తిప్పే పనిలో ఉంటుంది, బలవంతం చేస్తే పళ్లు దెబ్బతింటాయి), ఏడూ ఇరవైకి బండి తీయాల్సిన మనిషికి ఇదంతా కుదిరే పనేనా? నోట్‌బుక్కులో దీని టిక్కులు చూస్తే తమాషాగా ఉన్నాయి. పది రోజులు వరసగా ఉంటాయి, తర్వాత నెలన్నర ఏమీ ఉండవు. నా దగ్గర వాచీలు పెరిగేకొద్దీ దీన్ని కట్టుకోవడం తగ్గిందని అప్పుడు అర్థమైంది. ఒక్కటే వాచీ ఉన్నవాడికి ఇది బంగారం లాంటిది, పద్నాలుగు ఉన్నవాడికి రోజూ తద్దినం. తోలు బెల్టు మాత్రం మన ఊరి ఎండలకు వద్దే వద్దు, ఒక్క వేసవికే కంపు కొట్టింది. 18 మిల్లీమీటర్ల నైలాన్ బెల్టు వేశాను, సబ్బుతో ఉతికి ఆరేస్తే అయిపోతుంది.

డైవర్ వాచీ సంగతి చెప్పుకుంటే సిగ్గు. 200 మీటర్ల లోతుకు తట్టుకుంటుందని రాసుంది. 200 మీటర్లంటే 656 అడుగులు. అనంతపురం జిల్లాలో అంత లోతుకు దిగేది బోరు పైపు ఒక్కటే. 24,200 పెట్టి కొన్న వాచీని 11 రోజులు కట్టుకున్నానంటే ఒక్క ఏడాది లెక్కన రోజుకు 2,200 పడింది. బరువుకు మణికట్టు నొప్పి పుట్టి, పేపర్లు దిద్దేటప్పుడు తీసి బల్ల మీద పెట్టేవాణ్ని. ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత మాత్రం బ్రహ్మాండంగా వెలిగేది, కరెంటు పోయినప్పుడు పిల్లలకు చూపించేవాణ్ని.

ఇంకో సంగతి నేను అస్సలు ఊహించలేదు. ఏడాదిలో నాలుగు వాచీలు రిపేరుకు పోతే నాలుగూ కట్టుకోనివే. రెండింటిలో అయిపోయిన సెల్లు లోపలే కారి మిషనును తినేసింది, ఒకదానిలో ఆయిల్ ఎండిపోయింది, ఇంకొకటి తేమకు అద్దం లోపల మసకబారింది. పాతూరులో నేను పోయే రిపేరు భాయ్ భూతద్దం కంటికి పెట్టుకుని చూసి, "కట్టుకోనప్పుడు సెల్లు తీసి పెట్టుండొచ్చు కదా సార్" అన్నాడు. సెల్లు కారిన ఆ రెండింటికీ కలిపి 1,300 అయింది. వాటిలో ఒకటి బతకలేదు.

ఆయన దగ్గరే ఇంకో పాఠం. మా నాయనది ఉంది కదా అని ఆన్‌లైన్లో ఇంకో హెచ్ఎంటీ కొన్నాను, ఎర్ర డయల్, మెరిసిపోతోంది, "సర్వీసు చేసినది" అని రాశారు. భాయ్ వెనక మూత తీసి నవ్వాడు. డయల్‌కి కొత్తగా రంగు వేశారు, లోపల సామాను రెండు మూడు వాచీలది. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016 జనవరిలోనే ఒప్పుకుంది, ఇప్పుడు ఇంత తళతళలాడేది చవగ్గా వస్తోందంటే అనుమానించాలి. నేను అనుమానించలేదు. మా నాయన జనతా డయల్ పసుపు తిరిగింది, అద్దం మీద గీతలున్నాయి. శెనక్కాయలమ్మిన డబ్బుతో కొన్నాడట. పొద్దున కాఫీ తాగుతూ కీ ఇస్తాను, బిగుసుకోగానే ఆపేస్తాను, మరుసటి రోజు ఆ వేళ దాకా ఢోకా లేదు. వానొచ్చేలా ఉంటే మాత్రం కట్టుకోను. మన దగ్గర వాన ఎన్నాళ్లు పడుతుంది కనుక, 58 రోజులంటే తక్కువే. ఈ సంవత్సరం ఇంకా ఎక్కువ రావాలి.

నోట్‌బుక్కు అయ్యాక పాత బిల్లుల తేదీలు కూడా తీశాను. నాయనది పక్కన పెడితే నేను కొన్నవి పదమూడు, వాటిలో ఎనిమిది మే నెలలో కొన్నవే. బడి ఉండదు, ఎండకు బయటికి పోలేం, ఫ్యాను కింద పడుకుని వాచీల వీడియోలు చూసే నెల అది. ఇంకో రెండు డీఏ బకాయిలు పడిన వారంలో. అంటే వాచీ నచ్చి కొన్నవి మహా అయితే మూడు.

డైవర్ వాచీని 15,000కి అమ్మేశాను. అక్క కొడుక్కి ఉద్యోగం వస్తే ఒకటి ఇచ్చాను, వాడు రోజూ కట్టుకుంటున్నాడు, చూస్తే కొంచెం కుళ్లుగానే ఉంది. వాడనివాటి సెల్లులు తీసేసి చీటీ రాసి డబ్బాలో పెట్టాను. కొత్తది కొనాలనిపిస్తే ఇంట్లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని పద్నాలుగు రోజులు వరసగా కట్టుకోవాలని పెట్టుకున్నాను, ఇప్పటికి రెండుసార్లు పని చేసింది. మూడోది, పచ్చ డయల్ది, ఇంకా ఫోన్లో కార్టులోనే ఉంది, తీసెయ్యలేదు. వచ్చేది మే నెల. ఈసారి ముందే కూలరు బాగు చేయించాలి.