గుండె చప్పుడు ఎవరిది? ఒక విద్యార్థి థ్రిల్లర్ కోసం ఫ్రీసౌండ్ వాడిన అనుభవం

శబ్దాలను ఉచితంగా దించుకోగలిగే ఫ్రీసౌండ్ అనే సైటులో నేను మొట్టమొదట వెతికిన మాట ‘హార్ట్‌బీట్’. థ్రిల్లర్ తీస్తున్నాం కదా, గుండె చప్పుడు ఉండి తీరాలనుకున్నాను. పేజీల కొద్దీ వచ్చాయి. నెమ్మదిగా కొట్టుకునేవి, పరుగు తీసేవి, గుహలో మోగినట్టు వినిపించేవి. అరగంటలో పదకొండు దించుకున్నాను. మూడు వారాల తరువాత పూర్తయిన మా ప్రారంభ దృశ్యంలో వాటిలో ఒక్కటి కూడా లేదు. అయినా ఈ సైటును తోటి విద్యార్థులందరికీ గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ఆ పదకొండు ఎందుకు పోయాయో చెప్పకుండా ఈ సమీక్ష రాయలేను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ ఏఎస్ స్థాయి (ఏ లెవెల్‌లో మొదటి సగం) మీడియా స్టడీస్‌లో విద్యార్థులు ఒక కొత్త కథాచిత్రానికి టైటిళ్లు, ప్రారంభ దృశ్యం తయారుచేస్తారు. నిడివి రెండు నిమిషాలు మించకూడదు. ఆ తరువాత తమ పనిని తామే విమర్శించుకోవాలి. మీ చిత్రం తన జానర్ (థ్రిల్లర్, హాస్యం లాంటి సినిమా రకం) సంప్రదాయాలను ఎలా వాడుకుంది, ఎలా ఎదిరించింది అన్నది అందులో ఒక ప్రశ్న. చిత్రీకరణ సొంతదై ఉండాలి. సంగీతం, సౌండ్ ఎఫెక్టులు మాత్రం కాపీరైటు అడ్డు లేని చోటు నుంచి తెచ్చుకోవచ్చు. మేం నలుగురం. శబ్దం బాధ్యత నాది. చేతిలో డబ్బు లేదు.

ఫ్రీసౌండ్‌ను 2005లో బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయానికి చెందిన సంగీత సాంకేతిక పరిశోధన బృందం ప్రారంభించింది. అందులో ఉన్న లక్షల శబ్దాలు ఎక్కడెక్కడి జనమో రికార్డు చేసి పంచుకున్నవి. వినడానికి ఖాతా అక్కర్లేదు. దించుకోవడానికి కావాలి, అదీ ఉచితమే. ప్రతి శబ్దానికీ ఒక పేజీ ఉంటుంది. నిడివి, ఫైలు రకం, శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేశారో), లైసెన్సు అన్నీ అక్కడ కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చినది రికార్డు చేసినవారు రాసే వివరణ. ఏ మైకు వాడారో, దాన్ని ఎక్కడ పెట్టారో, కిటికీ తెరిచి ఉందో లేదో కొందరు ఎంతో ఓపికగా రాస్తారు. ఆ నాలుగు వాక్యాలు చదవడంతోనే నేను శబ్దగ్రహణంలో చాలా నేర్చుకున్నాను.

ఇక మా దృశ్యం. పట్టపగలు, వెలుతురు నిండిన వంటగది. ఒక అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. పక్కనే వాషింగ్ మెషీను తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి మెషీను ఆగుతుంది. అది ఆగినా ఒక చప్పుడు మాత్రం ఆగదు. పై అంతస్తు నుంచి దబ్, దబ్ అని వినిపిస్తూనే ఉంటుంది. అమ్మాయి తల కూడా ఎత్తదు. గీస్తున్న గీత పూర్తిచేసి, లేచి మెషీను తలుపు తెరుస్తుంది. లోపల ఒక్క బట్ట కూడా లేదు. తలుపు మూసి, మళ్లీ తిప్పి, వచ్చి తరువాతి లెక్క మొదలుపెడుతుంది. అప్పుడు సినిమా పేరు పడుతుంది.

ఒంటరి అమ్మాయి, ఖాళీ ఇల్లు, మెట్ల వైపు చూసే కెమెరా, పైన తెలియనిదేదో ఉండటం ఇవన్నీ థ్రిల్లర్ చూసేవారికి అలవాటైన గుర్తులు. వాటిని కావాలనే వాడాం. ఆ గుర్తులు చూడగానే ప్రేక్షకుడు ‘ఈ అమ్మాయికి ఆపద వస్తుంది’ అని తీర్మానించుకుంటాడు. ఖాళీ మెషీను కనిపించిన క్షణంలో ఆ తీర్మానం తలకిందులు కావాలి. పై చప్పుడు వినపడకుండా ఖాళీ మెషీను తిప్పుతున్నది ఆ అమ్మాయే, ఆపదలో ఉన్నది పైనున్న మనిషి. అలవాటైన గుర్తులు లేకపోతే తలకిందులు చేయడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. సంప్రదాయాన్ని ఎదిరించడమంటే దాన్ని పక్కన పారేయడమని కొందరు స్నేహితులు అనుకుంటారు. నేను ఒప్పుకోను.

మొదటి కూర్పులో నేను చేసినదేమిటంటే ఆ దృశ్యం నిండా భయాన్ని కుక్కడం. అడుగున ఒక మందమైన మోత, దాని మీద గుండె చప్పుడు, మెషీను ఆగేచోట పైకి ఎగబాకే స్వరం, తలుపు తెరిచేచోట ఒక్కసారిగా పిడుగులాంటి దెబ్బ. అన్నీ ఫ్రీసౌండ్‌లో దొరికినవే, ఒక్కొక్కటీ విడిగా వింటే చక్కగా ఉన్నవే. మా ఉపాధ్యాయురాలు రెండుసార్లు చూశారు. “ఆ అమ్మాయికి భయం లేదు కదా. మరి ఆ గుండె ఎవరిది?” అని అడిగారు.

జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రే పదకొండూ తీసేశాను.

ఆ వారంలోనే ఆవిడ మాకు రెండు పాత ఉదాహరణలు చెప్పారు. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ అనే జర్మన్ సినిమాలో హంతకుణ్ణి ఈలపాట పట్టిస్తుంది. బెలూన్లు అమ్మే అంధుడు ఆ ఈల విని అతణ్ణి గుర్తుపడతాడు. 1963లో వచ్చిన హిచ్‌కాక్ ‘ది బర్డ్స్’లో మామూలు నేపథ్య సంగీతమే లేదు. పక్షుల శబ్దాల్లో చాలావాటిని జర్మన్ సంగీతకారుడు ఆస్కార్ సాలా ట్రాటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించాడు. రెండింటిలోనూ భయం కథలోని వస్తువుకే అంటుకుని ఉంటుంది. మాకు అలాంటి వస్తువు ముందే ఉంది. అది వాషింగ్ మెషీను. నేను దాన్ని సంగీతం కింద పూడ్చేశాను.

రెండో వారం నుంచి నేను వెతికే మాటలు మారాయి. ఇక్కడ ఫ్రీసౌండ్ అసలు బలం తెలిసింది. ‘సస్పెన్స్’, ‘హారర్’ అని వెతికితే ఇతరులు తయారుచేసి పెట్టిన భయం వస్తుంది. అది ఏ దృశ్యానికైనా అతుకుతుంది, ఏ దృశ్యానిదీ కాదు. వస్తువు పేరు, అది ఉన్న చోటు, అది చేస్తున్న పని కలిపి వెతకాలి. ‘వాషింగ్ మెషీన్ స్పిన్’ అని ఇంగ్లీషులో కొట్టి, నిడివి నిమిషం పైన ఉన్నవే చూపమని వడపోత పెట్టాను. బట్టలు పిండే వేగం నుంచి పూర్తిగా ఆగేదాకా ఒకే ఊపులో రికార్డు చేసిన శబ్దం ఒకటి దొరికింది. వేగం తగ్గేటప్పుడు డ్రమ్ము ఒక పక్కకు ఒరిగి కొట్టుకునే చప్పుడు కూడా అందులో ఉంది. నా పనికి అదే ప్రాణం. పై నుంచి వచ్చే దబ్ దబ్‌ను డ్రమ్ము దెబ్బల మధ్య ముందే దాచిపెట్టాను. మొదటిసారి చూసేవారికి అది మెషీను చప్పుడులాగే వినిపిస్తుంది. మెషీను ఆగాకే, అది ఇంతసేపూ ఉందని తెలుస్తుంది.

ఆ దబ్ దబ్ కోసం మాత్రం చాలా తిప్పలు పడ్డాను. తలుపు తట్టే శబ్దాలు సైటులో కొల్లలు. నేను విన్నవన్నీ తలుపు పక్కన మైకు పెట్టి తీసినవి. లోపలికి రమ్మంటారా అని మర్యాదగా అడుగుతున్నట్టుంటాయి. మాది బయటికి వెళ్లాలనుకునే మనిషి చప్పుడు, అదీ పై కప్పు గుండా కిందికి దిగాల్సిన చప్పుడు. గోడలు, అంతస్తులు దాటేటప్పుడు హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా ఆగిపోతాయి, మంద్రమైనవే దాటి వస్తాయి. అందుకని 400 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని కోసేసి చూశాను. దూరం వచ్చింది కానీ దిండు కింద పెట్టిన తలుపులా వినిపించింది. చివరికి మా బృందంలోని అబ్బాయి మేడ మీదికెళ్లి మడమతో నేలను తన్నాడు, నేను కింద బల్ల మీద మైకు పెట్టుకుని కూర్చున్నాను. అలసిన మనిషి సమాన వ్యవధిలో కొట్టడు. మూడు దెబ్బలు, చాలాసేపు ఏమీ లేదు, తరువాత ఒక్కటి. ఆ ఒక్కటి విన్నప్పుడు నాకే ఒళ్లు జలదరించింది.

మెషీను ఆగాక వచ్చే నిశ్శబ్దం కూడా ఇలాగే ఏడిపించింది. ట్రాక్ ఖాళీగా వదిలేస్తే స్పీకరు చెడిపోయినట్టు ఉంది. ‘రూమ్ టోన్’ అని వెతికితే ఫ్రీసౌండ్‌లో ఎన్నో గదుల నిశ్శబ్దాలు ఉన్నాయి. మూడు పెట్టి చూశాను. మా అమ్మాయి నోటు పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు ఒక గదిలో, నిశ్శబ్దం ఇంకో గదిలో ఉన్నట్టు ప్రతిసారీ తేడా కొట్టింది. మళ్లీ అదే వంటగదికి వెళ్లి, ఫ్రిజ్ నడుస్తుండగా, నలుగురం ఊపిరి బిగబట్టి రికార్డు చేశాం.

లైసెన్సుల గురించి జాగ్రత్తగా చదవండి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి మూడు. సీసీ జీరో (క్రియేటివ్ కామన్స్ జీరో) అంటే ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. అట్రిబ్యూషన్ అయితే రికార్డు చేసినవారి పేరు చెప్పాలి. నాన్ కమర్షియల్ అయితే పేరు చెప్పడంతోపాటు వ్యాపారానికి వాడకూడదు. చివరి రెండింటిలో కాపీరైటు అలాగే ఉంటుంది, అనుమతి మాత్రమే ఇస్తారు. పరీక్ష నిబంధన దృష్ట్యా మేం సీసీ జీరో వడపోత పెట్టుకుని అందులోవే వాడాం. మొదటి వారంలో నేను ఇదేదీ చూడకుండా దించుకున్నాను, తప్పు పూర్తిగా నాది. మనం దించుకున్న వాటిని పేర్లతో, లైసెన్సులతో జాబితాగా చూపే పేజీ మన ఖాతాలోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక సాయంత్రం కూర్చుని అన్నీ సరిచూసుకున్నాను. చట్టం అడగకపోయినా మెషీను శబ్దం ఇచ్చినవారి పేరు మా పని పుస్తకంలో రాశాను. ఎవరో నేల మీద మోకరిల్లి, అది ఆగేదాకా కదలకుండా కూర్చుంటేనే కదా మాకు ఆ చప్పుడు దొరికింది.

చిన్న సంగతులు రెండు. వీడియోకు 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు వాడుక, సైటులో 44.1వి చాలా ఉంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు మార్చుకుంటుంది, కంగారు పడనక్కర్లేదు. సైటులోనే వినిపించే ప్రివ్యూ కుదించిన ఫైలు, దాన్ని విని నాణ్యత తేల్చకండి. దించుకున్నాక ఇయర్‌ఫోన్లతో వినండి.

తరగతిలో ప్రదర్శించిన రోజు నేను తెర వైపు చూడలేదు, చూసేవాళ్ల ముఖాలే చూశాను. మెషీను ఆగినప్పుడు వెనక వరుసలో గుసగుసలు ఆగాయి. ఖాళీ డ్రమ్ము కనిపించగానే ఒకమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. లైట్లు వేశాక మొదటి ప్రశ్న “పైన ఉన్నది ఎవరు?” అని. అమ్మాయికి ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

ఆ వారాంతంలో ఫ్రీసౌండ్‌కు మా వంతుగా ఒక ఫైలు ఎక్కించాం. మోడరేటర్లు విని ఆమోదించాకే అక్కడ కనిపిస్తుంది. వివరణలో ఇలా రాశాం: మధ్యాహ్నం వంటగది, ఫ్రిజ్ నడుస్తోంది, కిటికీలు మూసి ఉన్నాయి, గదిలో నలుగురున్నారు కానీ వినిపించరు. నిడివి ఒక నిమిషం పది సెకన్లు. లైసెన్సు సీసీ జీరో.