అక్కా అక్కా అంటూనే 18,500 పోగొట్టుకున్నాను, ఆ పౌడర్ ప్యాకేజీ జోలికి వెళ్ళకండి

ఇది మొన్న ఆదివారం జరిగింది. ఆరోజే రాసి ఉంటే నోటికొచ్చిన తిట్లన్నీ రాసేదాన్నని రెండు రోజులు ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు.

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కోసమని వాట్సాప్ గ్రూపు నడుపుతూ, పౌడరూ విటమిన్లూ కలిపి ‘ఆరు నెలల కేర్ ప్యాకేజీ’ అమ్మే ఆవిడ ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. పొద్దున్నే గులాబీ పువ్వు మీద గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం ఎవరివో ముందు ఫోటో, తర్వాత ఫోటో, రాత్రి తొమ్మిదింటికి ‘ఈరోజుతో ఆఫర్ క్లోజ్ సిస్టర్స్’. ఆవిడే.

నాకు మినీ బైపాస్ (పొట్టను చిన్నది చేసి చిన్నపేగుకు కలిపే, బరువు తగ్గే ఆపరేషన్) అయి నాలుగు నెలలైంది. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 87. షుగర్ మాత్రలు రెండో నెలలోనే డాక్టర్‌గారు ఆపేశారు. ఎందుకు చేయించుకున్నాను, ఎవరెవరు వద్దన్నారు అనే పురాణం ఇప్పుడు వద్దు.

పౌడర్ ఎందుకు కొనాల్సి వచ్చిందంటే, రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నారు. గుడ్డులో ఉండేది 6 గ్రాములు. పొట్టలో పట్టేదేమో నాలుగు ముద్దలు. ఒక్క ఇడ్లీ తినడానికి నాకు అరగంట పడుతుంది. చిన్న చెంచాతో గోరంత తుంచి, పాతిక సార్లు నమిలి, మింగి, లోపలికి దిగిందో లేదో కాసేపు చూసుకుని, అప్పుడు రెండో ముక్క. తొందరపడితే గుండెల మధ్య రాయి అడ్డం పడ్డట్టు ఉంటుంది, నోట్లో నురగలాంటి లాలాజలం ఊరిపోతుంది, సింకు దగ్గరికి పరిగెత్తాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా కూడా తాగకూడదు. ఎండాకాలం పెళ్ళి భోజనంలో గొంతు ఎండిపోతూ, పక్కవాళ్ళు గ్లాసు ఎత్తితే వాళ్ళ గొంతు వైపు చూస్తూ కూర్చున్నాను. మొదటి రెండు వారాలైతే మందు సీసా మూతలో మజ్జిగ తేట పోసుకుని గుటక గుటకగా తాగిన రోజులు. చేయించుకున్నవాళ్ళకు ఇవన్నీ చెప్పక్కర్లేదు. చేయించుకోనివాళ్ళు మాత్రం ‘హాయిగా ఆపరేషన్‌తో తగ్గిపోయావు, కష్టమేముంది’ అంటారు. సరే.

హాస్పిటల్ వాళ్ళు రాసిన డబ్బా అయిపోయింది, రేటు ఎక్కువ అనిపించింది. సరిగ్గా అప్పుడే ఆవిడ మెసేజ్. ‘నేనూ మీలాగే కోత పడ్డ పొట్టతో బతుకుతున్నదాన్నే చెల్లీ, నా చెల్లెళ్ళకు కల్తీ ఇస్తానా’ అని. కిలో డబ్బాలు మూడు, ఆరు నెలల మల్టీవిటమిన్, జుట్టు రాలకుండా బయోటిన్ గమ్మీలు, ఎప్పుడు ఫోన్ చేసినా సలహా, మొత్తం కలిపి 18,500. ‘మీరు కాబట్టి ఈ రేటు.’ యూపీఐలో కొట్టేశాను. బిల్లు అడగలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. జీఎస్టీ నంబర్ లేదని, తేదీ లేదని, స్టాంపు లేదని రోజూ పది మంది బిల్లులు వెనక్కి కొట్టే మనిషిని నేను. రెండు వందల ఆటో ఖర్చుకు రసీదు అడుగుతాను. పద్దెనిమిదిన్నర వేలకు మాత్రం ‘థాంక్స్ అక్కా’ అని రెండు చేతుల బొమ్మ పెట్టాను.

డబ్బా మొదలుపెట్టిన రోజు నుంచే తేడా తెలిసింది. తాగిన ఇరవై నిమిషాలకు చెమటలు, గుండె దడ, కడుపులో గుడగుడ, కాసేపు పడుకుంటే గానీ తగ్గదు. అక్కకు చెప్పాను. ‘బాడీ అడ్జస్ట్ అవుతోంది చెల్లీ, టాక్సిన్లు బయటికి పోతున్నాయి.’ నమ్మాను! ఎందుకు నమ్మానా అని ఈ రెండు రోజులూ ఆలోచించాను. ఈ ఆపరేషన్ తర్వాత మన ఒళ్ళు మనకే కొత్త. నిన్న అరిగిన పెరుగన్నం ఇవాళ అరగదు. ఏది మామూలు, ఏది కాదు అన్నది తెలీదు. ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే అదే నిజమనిపిస్తుంది. పైగా తప్పు నాదేనేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది, గబగబా తాగేశానేమో, ఎక్కువ తాగేశానేమో అని. పది రోజులు. పది రోజులు అదే తాగి, రోజూ పడుకుని, నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం పొద్దున పాత గ్లూకోమీటర్ తీశాను. తాగకముందు 104. తాగిన ముప్పావు గంటకు 238. షుగర్ మాత్రలు మానేసినందుకు మురిసిపోతున్న మనిషికి ఆ అంకె చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు గంటలకు చేతులు వణకడం మొదలైంది, చూస్తే 59. మా అత్తయ్య గ్లూకోజ్ నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించింది. కాస్త తేరుకుని, వంటింటి గట్టు మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి అక్కకు చేశాను. ఎత్తలేదు. మీటర్ ఫోటోలు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. రెండు నిమిషాలకు వాయిస్ మెసేజ్ వచ్చింది. వణికే చేత్తో ఫోన్ ఎత్తలేక అక్కడే నొక్కాను.

‘చూడండీ, నోరు కట్టుకోలేకే కదా పొట్ట కోయించుకున్నారు. ఇప్పుడైనా కట్టుకోవాలి. దొంగచాటుగా స్వీట్లు తిని పౌడర్ మీద పెడితే ఎలా?’

అంతే. పదకొండు సెకన్లు. చెల్లీ పోయి ‘చూడండీ’ వచ్చింది. వెనకాల టీవీ సౌండు, ఎవరో నవ్వుతున్నారు కూడా.

వంటింట్లో అత్తయ్య ఉంది. మా ఆయన గుమ్మం దగ్గర ఉన్నాడు. మావాడు నీళ్ళ సీసా నింపుకుంటున్నాడు. ముగ్గురూ విన్నారు. అత్తయ్య పోపు కింద స్టవ్ కట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు, ఆవాలు చిటపటలాడి ఆగిపోయాయి.

నాలుగు నెలల్లో నేను తిన్న తీపి ఏదైనా ఉందంటే మావాడి పుట్టినరోజున కేక్ మీద క్రీమ్ వేలి కొసన నాకి వదిలేయడం. అంతే. ముప్పై ఏళ్ళుగా చుట్టాల ఇళ్ళల్లో, బస్సుల్లో, బట్టల షాపుల్లో విన్న మాట అది. ‘నోరు కట్టుకోవచ్చుగా.’ ఆ మాట పడలేకే కదా ఇంత దూరం వచ్చింది. నాలాంటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని బతికే మనిషి, తనూ నాలాంటిదాన్నే అని చెప్పుకున్న మనిషి, సరిగ్గా ఆ మాటే ఏరుకుని విసిరింది. ఎక్కడ కొడితే మనం నోరు మూసుకుంటామో ఆవిడకు బాగా తెలుసు. నేను నిజంగానే ఒక అరగంట నోరు మూసుకున్నాను కూడా. ‘నిన్న ఏం తిన్నానబ్బా’ అని లెక్క వేసుకున్నాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

తర్వాత గ్రూపులో మర్యాదగానే అడిగాను, ‘ఇంకెవరికైనా ఇలా అవుతోందా’ అని. నిమిషంలో నన్ను తీసేశారు. నాకంటే ముందు ఎంతమందిని ఇలా తీసేశారో. అందుకేనేమో ఆ గ్రూపులో ఎప్పుడూ అన్నీ మంచి మాటలే కనిపిస్తాయి.

మా తొమ్మిదో తరగతి వాడు ఊరుకోలేదు. బీటాడిన్ సీసా తెచ్చాడు. అందులో ఉండేది అయోడినే, గంజి పదార్థం తగిలితే నల్లబడుతుంది, బళ్ళో చేశామన్నాడు. మూడు గిన్నెలు. ఒకదాంట్లో నీళ్ళల్లో కలిపిన బియ్యప్పిండి, ఒకదాంట్లో హాస్పిటల్ డబ్బా అడుగున మిగిలిన పౌడర్, మూడోదాంట్లో అక్క పౌడర్. తలా రెండు చుక్కలు. హాస్పిటల్‌ది ఎర్రమట్టి రంగులోనే ఉండిపోయింది. బియ్యప్పిండి నీలం తిరిగి నల్లబడింది. అక్క పౌడర్ కూడా అచ్చం అలాగే, సిరా ఒలికినట్టు. ‘అమ్మా, నువ్వు రోజూ గంజి తాగుతున్నావు’ అన్నాడు వాడు. కిలో నాలుగు వేల గంజి. వెనిలా ఫ్లేవర్.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని డబ్బా చదివాను, కొనేముందు చేయాల్సిన పని. ముందువైపు పెద్ద అక్షరాలతో ‘స్కూపుకు 24 గ్రాముల ప్రోటీన్’. వెనకాల పదార్థాల జాబితాలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే గంజి పదార్థం నుంచి తీసే పొడి. జాబితాలో ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలి, అది రూలు. అంటే ఎక్కువున్నది ప్రోటీన్ కాదని వాళ్ళ లేబులే ఒప్పుకుంటోంది, నేనే చదవలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తినే వస్తువులకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) లైసెన్సు నంబర్ వేలు పెట్టి లెక్కపెట్టాను. పదమూడు అంకెలు. మళ్ళీ లెక్కపెట్టాను. ఉండాల్సింది పద్నాలుగు. దొంగ నంబర్ వేసేవాళ్ళకు అంకెలు లెక్కపెట్టే ఓపిక కూడా లేదు!

విటమిన్ల సంగతి ఇంకా బాగుంది. ఐరన్, కాల్షియం ఒకే మాత్రలో పెట్టారు. ఆ రెండింటికీ పడదు, ఒకదాన్ని ఒకటి ఒంటికి పట్టనివ్వవు, మధ్యలో రెండు గంటలు తేడా ఉండాలని డిశ్చార్జి కాగితంలోనే ఉంది. పైగా బైపాస్ అయినవాళ్ళకు కాల్షియం సిట్రేట్ రాస్తారు, ఇందులో కార్బొనేట్. ఇక జుట్టు రాలకుండా ఇచ్చిన గమ్మీలు చక్కెర పూసిన జెల్లీ బిళ్ళలు. షుగర్ పేషెంటుకు, బైపాస్ అయిన మనిషికి, జెల్లీ బిళ్ళలు. మూడో నెల నుంచి జుట్టు రాలడం ఈ ఆపరేషన్‌లో చాలామందికి ఉండేదే, ప్రోటీన్ సరిగ్గా అందితే మెల్లగా మళ్ళీ వస్తుంది అని హాస్పిటల్ డైటీషియన్ మొదట్లోనే చెప్పింది. దువ్వెన నిండా వస్తుంటే ఆ మాట ఎక్కడ గుర్తుంటుంది.

సోమవారం ఆ డైటీషియన్ దగ్గరికే వెళ్ళాను. కన్సల్టేషన్‌కు డబ్బులు దండగని ఎగ్గొట్టింది ఆవిడ దగ్గరికి వెళ్ళడమే. ఆవిడ చూసి, ఇది డంపింగ్ అంది. తీపి గానీ, ఇలాంటి పొడి గానీ ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే చెమటలు, దడ వస్తాయి, షుగర్ సర్రున పెరిగి, దానికి ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, తర్వాత దభీమని పడిపోతుంది. పది రోజులు ప్రోటీన్ సగం కూడా అందలేదు కాబట్టి రక్తపరీక్షలు రాసింది. ‘మొదటి రోజే ఫోన్ చేయాల్సింది కదండీ’ అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం 1915కి చేశాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడి, మొదటి ప్రశ్న అడిగింది. ‘మేడమ్, బిల్లు ఉందా?’ మా ఆఫీసులో నేను అడిగే గొంతు, అదే ప్రశ్న. యూపీఐ రసీదు, చాట్, ఆ వాయిస్ మెసేజ్, డబ్బా ఫోటోలు పెట్టి ఫిర్యాదు నమోదు చేయించాను. దీంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి కోర్టు ఫీజు కూడా లేదు. డబ్బు వస్తుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. ఆ పదకొండు సెకన్లు ఎవరైనా కుర్చీలో కూర్చుని గట్టిగా వినిపించుకోవాలి, అంతే.

ఆ, మీకు పనికొచ్చేది రాయడం మర్చిపోయాను. లైసెన్సు నంబర్ పద్నాలుగు అంకెలుందో లేదో లెక్కపెట్టి, ఫోస్కోస్ (ఆ లైసెన్సులు వెతికే ప్రభుత్వ సైట్)లో కొట్టి చూడండి. పదార్థాల్లో మొదటి పేరు వే (పాల విరుగుడు తేట నుంచి తీసే ప్రోటీన్), సోయా లాంటి ప్రోటీన్ కాకపోతే డబ్బా కింద పెట్టేయండి. బిల్లు తీసుకోండి. కొత్త పౌడర్ ఏదైనా ముందు మీ డైటీషియన్‌కు చూపించండి. చెమటలు, దడ వస్తే ‘అడ్జస్ట్ అవుతోంది’ అని ఎవరన్నా నమ్మకండి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే మాత్రం గ్రూపుల్లో అడుగుతూ కూర్చోకుండా హాస్పిటల్‌కు వెళ్ళండి, బి1 విటమిన్ పడిపోతే నరాలకు, మెదడుకు ప్రమాదం.

ఈ పొద్దున లేచేసరికి గట్టు మీద చిన్న గ్లాసులో పెసరకట్టు ఉంది, వడగట్టి, ఉప్పు మాత్రం వేసి. ఆపరేషన్ వద్దని అందరికంటే గట్టిగా అరిచింది అత్తయ్యే. ‘ఆవిడ నంబర్ నాకివ్వు’ అంది. ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ పోస్టు అవసరం ఉండేది కాదేమో.

సీలు తీయని డబ్బాలు రెండు ఉన్నాయి, శాంపిల్ కోసం దాచాను. తీసిన డబ్బా కూడా ఉంది. చీరలకు గంజి పెట్టుకోవాలంటే చెప్పండి, వెనిలా వాసన వస్తాయి.