పబ్లిక్ లయబిలిటీ పాలసీ: నా తరఫున మాట్లాడే మనిషి

పబ్లిక్ లయబిలిటీ అంటే, మన పని వల్ల వేరేవాళ్లకి నష్టం జరిగితే ఆ పరిహారం కంపెనీ కట్టే బీమా; సొంతంగా పనులు చేసుకునేవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి పనిముట్ల కవరూ, యాక్సిడెంట్ కవరూ తగిలించి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు. నేను ప్లంబర్‌ని, చాలా ఏళ్లుగా ఒకే పాలసీని ఏటా రెన్యూ చేస్తూ వస్తున్నాను. క్లెయిము రాకముందు ఎలా ఉందని అడిగితే "కడుతున్నాం, అంతే" అనేవాణ్ణి. ఇప్పుడు అడిగితే మాత్రం ఒక్క విషయం గురించే గంటసేపు మాట్లాడతాను. గొడవ వచ్చినప్పుడు మన బదులు ఇంకొకళ్లు నిలబడి మాట్లాడటం.

జరిగింది ఇదీ. పై అంతస్తులో ఒక ఇంటికి కొత్త వాష్‌బేసిన్ బిగించాను. కొన్ని నెలల తర్వాత, ఆ ఇంట్లోవాళ్లు ఊరెళ్లిన రాత్రి, బేసిన్ కింద కనెక్షన్ పైపు నట్టు పగిలి తెల్లారేదాకా నీళ్లు కారాయి. కింద ఇంటి ఫాల్స్ సీలింగ్ ఉబ్బి ఊడిపడింది. చెక్క ఫ్లోరింగ్ పలకలు అంచుల దగ్గర పైకి లేచాయి. పొద్దున్నే రెండిళ్ల నుంచీ ఫోన్లు. వెళ్లి చూస్తే పైపు జాలీ చెక్కుచెదరలేదు, ప్లాస్టిక్ నట్టు మాత్రం మర మొదలయ్యే చోట చుట్టూ గీత గీసినట్టు చీలిపోయింది. దాన్ని తీసి కవర్లో వేసి పెట్టుకున్నాను.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. పాలసీలో ఒక షరతు ఉంటుంది: మన తప్పేనని ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాట ఇవ్వకూడదు, జరిగిన సంగతి వెంటనే కంపెనీకి తెలియజేయాలి. రాసుకోవడానికి చిన్న వాక్యమే. కానీ ఎన్నాళ్ల నుంచో తెలిసిన ఇంటాయన ఎదురుగా నిలబడి "నువ్వు బిగించిందే కదా, ఒక్క మాట చెప్పవయ్యా" అంటుంటే నోరు కట్టేసుకుని నిలబడటం ఎంత కష్టమో అనుభవించాలి. "ఏమేం పాడయ్యాయో రాసి, ఫొటోలు తీసి ఇవ్వండి, కంపెనీకి పంపిస్తాను" అని మాత్రం అనగలిగాను. కింద ఇంటివాళ్లయితే ఆ మాటకి ఇంకా మండిపడ్డారు.

క్లెయిము నమోదు చేసిన తర్వాత కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఇకపై ఏ ఉత్తరం వచ్చినా, ఎవరు ఫోన్ చేసినా తనకి చెప్పమంది. ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చాడు. నట్టుని టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూసి, స్పానర్ పెట్టావా అని అడిగాడు. ప్లాస్టిక్ నట్టు కదా, చేత్తోనే బిగించానని చెప్పాను. ఎక్కువ బిగిస్తే మర మొదట్లో ఒత్తిడి పడి ఇలాగే పగులుతుందట, తయారీలో లోపమున్నా ఇలాగే పగులుతుందట. ఆ రెంటిలో ఏదని మాత్రం ఆయన నాతో అనలేదు, రాసుకున్నాడు.

కింద ఇంట్లో తేమ కొలిచే మీటరు గోడ పొడవునా ఆనిస్తూ వెళ్లి ఒక మూలన ఆగాడు. అక్కడ పెయింట్ కింద తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంది. నీళ్లు ఒక్క రాత్రి కారితే ఉప్పు అంతలా పేరుకోదు, అది బయటి గోడ నుంచి ఎప్పట్నుంచో వస్తున్న చెమ్మ. వాళ్లేమో ఇల్లంతా రంగులకి కూడా లెక్క వేసి ఇచ్చారు. ఆ మూలా, తడవని గదులూ లెక్కలోంచి పోయాయి. సీలింగూ, ఫ్లోరింగూ కంపెనీ కట్టింది. అదే నేనొక్కణ్ణే అయితే ఆ గోడ దగ్గర నిలబడి "ఇది పాత చెమ్మండీ" అని వాదించగలిగేవాణ్ణా? వాదించినా నా మాట ఎవరు వింటారు? మొత్తం నా నెత్తిన పడేది. ఇంతకాలం కట్టిన ప్రీమియం అంతా ఆ మీటరు పట్టుకున్న మనిషి కోసమే కట్టానని ఇప్పటికీ అంటాను.

అయితే ఈ మెచ్చుకోలుకి కొంత కోత పెట్టాలి. కొత్త పైపూ, మళ్లీ బిగించిన పనీ నా ఖర్చే. మన పని వల్ల వేరేవాళ్లకి జరిగిన నష్టానికే కవర్ కానీ, ఆ పనిని సరిచేసుకోవడానికి కాదు. క్లెయిములో మొదటి కొంత మొత్తం కూడా మనమే పెట్టుకోవాలి. ఇవి తెలిసిన సంగతులే. నన్ను కెలికింది వేరు. మన తరఫున మాట్లాడే హక్కు వాళ్లదే అయినప్పుడు రాజీ పడే హక్కూ వాళ్లదే. నట్టు తయారీలోనే లోపమని తేల్చి రాయాలని నేను పట్టుబట్టాను. పోరాడే ఖర్చు కంటే కట్టేసే ఖర్చు తక్కువని వాళ్లు కట్టేశారు. రికార్డులో అది నా మీద క్లెయిము, మరుసటి రెన్యువల్‌కి ప్రీమియం పెరిగింది. తయారీదారు తప్పయితే, కట్టిన డబ్బు వాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కు బీమా కంపెనీకి ఉంటుంది. ఆ పని చేశారో లేదో నాకు చెప్పలేదు. నట్టు మాత్రం పట్టుకెళ్లారు, తిరిగి రాలేదు. బేసిన్ బిగించిన ఇంటాయన నుంచి మళ్లీ పిలుపూ రాలేదు. ఆ పూట నేను నోరు విప్పకపోవడం ఆయన మనసులో ఉండిపోయినట్టుంది.

ఇంకో సంగతి. పని చేసింది ఒక పాలసీ ఏడాదిలో, నట్టు పగిలింది మరో ఏడాదిలో. నా పాలసీ నష్టం జరిగిన తేదీని చూస్తుంది కాబట్టి, రెండో ఏడాది పాలసీయే ఆదుకుంది. మధ్యలో మానేసి ఉంటే, పని నాటికి పాలసీ ఉన్నా ఉపయోగం లేదు. క్లెయిము వచ్చిన తేదీని చూసే పాలసీలూ ఉన్నాయి. పని మానేయాలనుకునేవాళ్లు, కంపెనీ మారాలనుకునేవాళ్లు ఈ ఒక్కటీ ముందు అడగండి.

పనిముట్ల కవర్ గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. నా పాలసీలో, దొంగతనమైతే తాళం బద్దలు కొట్టిన గుర్తు కనబడాలి, రాత్రి బండిలో వదిలేస్తే కవర్ లేదు, ఇచ్చేదైనా వాడకం తరుగు పోను. పైగా తక్కువ విలువకి బీమా చేస్తే క్లెయిమునీ ఆ దామాషాలోనే కోస్తారు: లక్ష సామానుకి 50 వేలకే చేయిస్తే, 20 వేల నష్టానికి చేతికొచ్చేది 10 వేలు, అందులోంచి మన వాటా మళ్లీ పోతుంది. నా డ్రిల్లు మెషీన్ ఎప్పుడూ నా భుజానికే ఉంటుంది కాబట్టి ఈసారి అది తీసేయించే ఆలోచనలో ఉన్నాను. ఖరీదైన మెషీన్లు సైటులో వదలాల్సిన వడ్రంగి అయితే అలా తీసేయమని నేను చెప్పను.

నేను చెప్పేదంతా మనుషులు కాపురముంటున్న ఇళ్లలో, అందులోనూ పై అంతస్తుల్లో, ఒంటరిగా పనిచేసేవాడి లెక్క. హెల్పర్‌ని పెట్టుకుంటే అతనికి తగిలే దెబ్బ ఈ పాలసీ కిందకి రాదు, దానికి వేరే కవర్ కావాలి. ఒక క్లెయిముతోనే తేల్చేస్తున్నాననే మాట కూడా నిజమే. లయబిలిటీ భాగం వరకు మళ్లీ కడుతున్నాను. కాకపోతే ఈ మధ్య రాగి పైపులకి గ్యాస్ టార్చి వాడటం మొదలుపెట్టాను. మంట పని అయ్యాక అక్కడే ఎంతసేపు కాపలా ఉండాలి, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకోవాలా అన్నవి పాలసీ షరతుల ప్రకారం ఎలాగో రాతపూర్వకంగా చెప్పమని కంపెనీని అడిగాను. ఏజెంటు ఫోన్లో "ఏం పర్లేదన్నా" అంటున్నాడు. కాగితం ఇంకా రాలేదు, అది వచ్చేదాకా టార్చి పనులు ఒప్పుకోవడం లేదు.