కారు మీటర్లు, హెచ్చరిక లైట్లు: లక్ష కిలోమీటర్ల తర్వాత నా అనుభవం

మా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ 2016 మోడల్. ఈమధ్యే లక్ష కిలోమీటర్లు దాటింది. ఇంజను, మైలేజీ, సీట్ల గురించి అందరూ రాస్తారు. రోజూ కళ్లెదుటే ఉండే మీటర్ల గురించి రాసేవాళ్లు తక్కువ. ఇన్నేళ్లు నడిపాక నాకు తేలిందేమిటంటే, ఈ కారులో లైట్లు చెప్పేది నమ్మొచ్చు. ముళ్లు, అంకెలు చెప్పేది మాత్రం అర్థం తెలుసుకుని చదవాలి.

స్పీడు మీటరు సంగతి చిన్నదే. మీటరు 100 చూపిస్తుంటే ఫోన్లో జీపీఎస్ 95 దగ్గర ఉంటుంది. అది లోపం కాదు. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని, ఎక్కువైతే కొంత పరిమితి దాకా చూపొచ్చని అంతర్జాతీయ నిబంధన ఉంది. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తాయి.

పెట్రోలు మీటరుతోనే ఎక్కువమందికి పేచీ. ట్యాంకులో తేలే ఫ్లోటు, దాని చేతికి కట్టిన సెన్సర్, అంతే దాని యంత్రాంగం. ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడు ఫ్లోటు పైకప్పుకి ఆనుకుని ఉంటుంది. పెట్రోలు మట్టం దాని కిందికి దిగేదాకా మీటరు కదలదు. ఆ తర్వాత గబగబా దిగినట్టు అనిపిస్తుంది. ఏటవాలులో ఆపితే ఇంకో లెక్క చూపిస్తుంది. ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది’ అనే అంకె ఇంతకన్నా మాయ. కొద్దిసేపటి క్రితం దాకా వచ్చిన మైలేజీని బట్టి అది లెక్కగడుతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగి విజయవాడ హైవే ఎక్కితే, చౌటుప్పల్ దాటాక అంకె తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. నేను దాన్ని పట్టించుకోను, రిజర్వు లైటు దాకా కూడా రానివ్వను. ఇలాంటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

ఈ కారులో నాకు బాగా నచ్చింది టెంపరేచర్ ముల్లు. చాలా కొత్త కార్లలో దాన్ని తీసేసి చల్లగా ఉంటే నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు పెట్టి సరిపెట్టారు. మన ఎండలకి ఇది అన్యాయం అనిపిస్తుంది. అలాగని ఉన్న ముల్లు కూడా ఉన్నదున్నట్టు చెప్పదు. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్లో చూస్తే తెలిసింది. కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, 80 డిగ్రీలున్నా 100 ఉన్నా ముల్లు మధ్య గీత మీదే నిలబడి ఉంటుంది. మే నెలలో అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఫోన్లో అంకె మెల్లగా 98కి చేరడం, ఫ్యాను అందుకోగానే మళ్లీ 92కి దిగడం కనిపిస్తుంది. ముల్లులో మాత్రం చలనం లేదు. చిన్న చిన్న హెచ్చుతగ్గులకి జనం కంగారుపడకుండా కావాలనే అలా చేస్తారు. కాబట్టి ముల్లు మధ్య గీత దాటి పైకి కదిలిందంటే వ్యవహారం అప్పటికే ముదిరినట్టు. ఏసీ కట్టేసి, పక్కకి ఆపి, ఇంజను ఆఫ్ చేయడమే మార్గం. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌కి తగిలే ద్రవమే ఉండదు, అప్పుడు ముల్లు కిందికి పడిపోయే అవకాశం కూడా ఉంది. అది చల్లబడటం కాదు.

ఎర్ర లైట్లలో జనం ఎక్కువగా పొరబడేది నూనె డబ్బా బొమ్మ దగ్గర. అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. నడుస్తుండగా అది వెలిగితే ఇంజనుకి మిగిలేది క్షణాలే. ఆయిల్ ఎంతుందో చెప్పేది ఇంజనులోంచి బయటికి లాగి చూసే కడ్డీ, డిప్‌స్టిక్ ఒక్కటే, నేను అప్పుడప్పుడూ పొద్దున్నే చూసుకుంటాను. బ్యాటరీ బొమ్మ కూడా అంతే, అది వెలిగిందంటే చాలాసార్లు ఇంజనుతో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం లేదని. ఇంజను నడుస్తుంటే వోల్టేజీ 14 దరిదాపుల్లో ఉండాలి.

బ్రేక్ లైటు విలువ నాకు శ్రీశైలం ఘాట్‌లో తెలిసింది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించే ఉంది. అయినా దిగుడు మలుపుల్లో బ్రేకు తొక్కినప్పుడల్లా ఎర్ర లైటు మిణుక్కుమని ఆరిపోయేది. రోడ్డు సమంగా ఉంటే ఏమీ లేదు. ఆపి బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ కనిష్ఠ గీత దగ్గర ఉంది. లీకు లేదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకొచ్చి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అంచుకి చేరిన ఆయిల్ ఏటవాలులో అటూ ఇటూ ఊగి, దాని డబ్బాలో లైటుని వెలిగించే ఫ్లోటుని కదిలిస్తోంది. ఊరొచ్చాక ముందు ప్యాడ్లు మార్పించాను, మట్టం దానంతటదే పైకొచ్చింది. అంత చిన్న మిణుకుతో అంత ముందుగా చెప్పిన లైటుకి నా పూర్తి మార్కులు.

ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు నిలకడగా వెలిగితే టెన్షన్ పడక్కర్లేదు, కొద్ది రోజుల్లో చూపించుకుంటే చాలు. అదే ఆరుతూ వెలుగుతుంటే సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగా మండటం లేదని. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకెళ్లి పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. వెంటనే వేగం తగ్గించి ఆపాలి. మాకోసారి ఓబీడీలో పీ0301 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే మిస్‌ఫైర్ ఒకటో సిలిండర్‌లో. మా మెకానిక్ ఒకటో కాయిల్‌ని (స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) రెండో దాని మీదికి మార్చి నడిపాడు. కోడ్ పీ0302 అయింది, అంటే లోపం కాయిల్‌తో పాటే రెండో సిలిండర్‌కి వెళ్లింది. ఇక ప్లగ్గులు, ఇంజెక్టర్ల జోలికి పోలేదు, కాయిల్ ఒక్కటి మార్చాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఈ లైట్లే మంచి పరీక్ష. సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజను, ఆయిల్, బ్యాటరీ లైట్లు వెలగాలి. అసలు వెలగని లైటు ఉంటే ఎవరో దాని నోరు నొక్కారేమోనని అనుమానించాలి. ఓబీడీ యాప్‌లో రెడీనెస్ మానిటర్లు (కారు తన భాగాల్ని తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) కూడా చూడండి. చాలావాటికి ‘ఇంకా పూర్తికాలేదు’ అని వస్తే, కోడ్లు ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. ఎందుకో అమ్మేవాళ్లని అడిగి, కొన్నాళ్లు నడిపాక మళ్లీ చూపించమనండి. పని కాగానే అడాప్టర్ తీసేయండి, వారాలపాటు కదలని కారులో వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.