యార్క్‌టౌన్‌లో లొంగిపోయింది కారన్‌వాలీస్, విలియమ్స్‌బర్గ్‌లో దొరికిపోయింది మేం

"విలియమ్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు 99 డాలర్లే, ఓ గంటన్నర మా రిసార్టు చూసి వెళ్తే చాలు" అని ఎవరైనా ఫోన్ చేస్తే మారుమాట లేకుండా పెట్టెయ్యండి. నేనిది రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం యార్క్‌టౌన్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ లొంగిపోయిన ఊరు. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు కడుపుమంట తీరాలి.

అత్తయ్య, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. మావయ్యగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నయాగరా చూపిస్తామంటే "నీళ్ళు ఎక్కడైనా కిందకే పడతాయిగా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరిగిన చోటు చూపించండి" అన్నారు. మాకు దగ్గరలో ఉన్నది వర్జీనియాలోని మూడు ఊళ్ళు: జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్. ఆష్‌బర్న్ నుంచి మూడు గంటలని మ్యాపు చెప్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఇంటర్‌స్టేట్ 95 మీదకి ఎక్కితే ఆ లెక్క మర్చిపోండి, మాకు ఐదు పట్టింది.

రూము మా ఆయన బుక్ చేశారు, 99 డాలర్ల ఆఫర్లో. కౌంటర్ దగ్గరే రోజుకి 35 డాలర్ల రిసార్టు ఫీజు, దాని మీద పన్ను వడ్డించారు. మావయ్యగారు ఆ కాగితం కళ్ళజోడు పైకి నెట్టి చదివి, "1765లో స్టాంపు చట్టం కూడా ఇంతే అమ్మాయ్. పత్రం రాసుకుంటే పన్ను, పేపరు కొంటే పన్ను, చివరికి పేకముక్కల మీద కూడా" అన్నారు. ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం చేసి బ్రిటన్ నెత్తిన అప్పు పెట్టుకుంది, ఆ భారంలో కొంత అమెరికా వలసల వాళ్ళు మోయాలంది. మా సభ్యుడొక్కడూ లేని పార్లమెంటు మాకు పన్నెలా వేస్తుందని వీళ్ళు తిరగబడ్డారు. మేం మాత్రం తిరగబడకుండా కార్డు గీకాం.

మర్నాడు పొద్దున్నే ఆ "గంటన్నర" మొదలైంది. భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా కూర్చోవాలట. ఒకాయన వచ్చి పిల్లల పేర్లు, మా సెలవులు, మా కలలు అన్నీ అడిగాడు. తర్వాత ఏడాదికో వారం ఉండే హక్కు 28,900 డాలర్లన్నాడు. వద్దన్నాం. మేనేజర్ వచ్చి 17,000 అన్నాడు. వద్దన్నాం. ఇంకో మేనేజర్ 9,900 అన్నాడు. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ 1,100 డాలర్లు మాత్రం చిన్నక్షరాల్లో ఉంది, నేను అడిగితే గానీ చెప్పలేదు. మూడున్నర గంటల తర్వాత వదిలారు. ఇస్తామన్న 100 డాలర్ల గిఫ్టు కార్డు అదే కంపెనీ వేరే ఊళ్ళో రూము తీసుకుంటేనే చెల్లుతుందట! లాబీలో పిల్లల్ని కాస్తూ కూర్చున్న అత్తయ్య, "చీర కొనకుండా షాపులోంచి లేచి రావడం కూడా చేతకాదర్రా మీకు?" అంది. మా ఆయన సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఎవరైనా మొహమాటానికి సంతకం పెట్టేసి ఉంటే భయపడకండి, వర్జీనియాలో 7 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కుంది. ఆ గడువులోనే రాతపూర్వకంగా పంపండి.

విలియమ్స్‌బర్గ్ పాత ఊరు వీధుల్లో ఊరికే నడవడానికి టికెట్టు అక్కర్లేదు. గవర్నర్ ప్యాలెస్, క్యాపిటల్ భవనం, చేతిపనుల కొట్లు లోపలికెళ్ళి చూడాలంటే పెద్దవాళ్ళకి 50 డాలర్ల దాకా. నా మాట వింటే పిల్లలకి ఆసక్తి ఉంటేనే కొనండి. కమ్మరి కొలిమి దగ్గర మా చిన్నాడు కదల్లేదు, వాడి వరకు గిట్టుబాటే. పాత వేషాల్లో తిరిగే వాళ్ళ ఇంగ్లీషు అత్తయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు, పైగా జులై ఎండ. ఇక్కడి టావెర్న్‌లలో పల్లీల సూపు పేరున్నది, గిన్నె 10 డాలర్లు. అత్తయ్య ఉత్సాహపడింది గానీ అడిగితే కోడి రసంతో చేస్తామన్నారు. శాకాహారులు అడక్కుండా తాగొద్దు. మేం ఇంటి నుంచి తెచ్చిన పులిహోరతో కానిచ్చాం.

ఆ ప్యాలెస్‌లో మావయ్యగారు నిలబడిపోయింది డన్మోర్ దగ్గర. వర్జీనియాకి ఆఖరి బ్రిటిష్ గవర్నరైన ఈయన 1775 ఏప్రిల్లో ఊళ్ళో మందుగుండు రహస్యంగా ఓడకి తరలించి జనాన్ని రెచ్చగొట్టాడు. నవంబరు నాటికి, తిరుగుబాటుదార్ల బానిసలు పారిపోయొచ్చి రాజు పక్షాన పోరాడితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. స్వేచ్ఛ కోసం యుద్ధమన్న దొరల ఇళ్ళలోంచి బానిసలు శత్రువు వైపు పరిగెత్తారన్నమాట. ఇది మన పాఠాల్లో ఉండదు.

జేమ్స్‌టౌన్ 1607 నాటిది, అమెరికాలో నిలదొక్కుకున్న తొలి ఇంగ్లీషు స్థావరం. ఓపికుంటే వెళ్ళండి, లేకపోయినా బాధపడకండి. అక్కడి నుంచి యార్క్‌టౌన్ దాకా 23 మైళ్ళ కొలోనియల్ పార్క్‌వే మీద మాత్రం వెళ్ళి తీరాలి. లారీలుండవు, హోర్డింగులుండవు. మా ఆయన నోరు విప్పింది ఆ రోడ్డు మీదే.

యార్క్‌టౌన్ యుద్ధభూమికి పెద్దవాళ్ళకి 15 డాలర్లు, 15 ఏళ్ళ దాకా పిల్లలకి ఉచితం, టికెట్టు వారం చెల్లుతుంది. పార్కు రేంజర్ నడిపిస్తూ కథ చెప్పడానికి పైసా తీసుకోరు. మొత్తం ఖర్చులో అతి తక్కువ ఇక్కడే అయింది, మనసు నిండిందీ ఇక్కడే. ఇప్పుడు కనిపించే మట్టికోటలు చాలావరకు తర్వాత మళ్ళీ కట్టినవే, ఆ మాట ఆయనే దాచకుండా చెప్పాడు. 1781 సెప్టెంబరు 5న సముద్రంలో, అమెరికన్లకి సాయం వచ్చిన 24 ఫ్రెంచి యుద్ధనౌకలు 19 బ్రిటిష్ నౌకల్ని వెనక్కి తిప్పడంతోనే కారన్‌వాలీస్ పని అయిపోయిందన్నాడు. పారిపోయే దారి లేదు, సాయం రాదు. అక్టోబరు 14 రాత్రి బ్రిటిష్ వాళ్ళ మట్టికోటల్లో తొమ్మిదో నంబరుదాన్ని ఫ్రెంచి వాళ్ళు, పదో నంబరుదాన్ని అమెరికన్ సేనాధికారి హామిల్టన్ మనుషులు పట్టుకున్నారు. 19న 7,000 మందికి పైగా బ్రిటిష్ పక్షం వాళ్ళు ఆయుధాలు కింద పెట్టారు.

లొంగుబాటుకి కారన్‌వాలీస్ ఒంట్లో బాలేదని రాలేదు. తన బదులు కింది సేనాని ఓహారాని పంపాడు. ఓహారా వాషింగ్టన్‌ని వదిలేసి ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గరికి వెళ్ళాడు. ఆయన వాషింగ్టన్‌ని చూపించాడు. వచ్చినవాడు కింది సేనానైతే పుచ్చుకునేవాడూ అంతేనని వాషింగ్టన్ తన కింది సేనాని లింకన్‌ని చూపించాడు. అంతకు ముందు ఏడాదే చార్ల్‌స్టన్‌లో బ్రిటిష్ వాళ్ళకి లొంగిపోయి అవమానపడ్డవాడు ఆ లింకన్.

రేంజర్ చివర్లో ఒక్క ముక్కలో, "తర్వాత కారన్‌వాలీస్ ఇండియా వెళ్ళాడు" అన్నాడు. మావయ్యగారు చెయ్యెత్తారు. నా గుండె గుభేలుమంది. తెనాలి హైస్కూలు ఇంగ్లీషులో నిదానంగా చెప్పుకొచ్చారు: ఇక్కడ ఓడినవాడు 1786లో మాకు గవర్నర్ జనరల్ అయ్యాడు, 1788లో నిజాం దగ్గర మా గుంటూరు సర్కారు రాబట్టాడు, 1792లో టిప్పు కొడుకులిద్దర్ని బందీలుగా పట్టుకెళ్ళాడు, 1793లో బెంగాల్లో జమీందార్ల చేతుల్లో భూములు పెట్టాడు, 1802లో ఆ పద్ధతే మా ఉత్తర సర్కారులకీ వచ్చి రైతు మెడకి చుట్టుకుంది. "మీరు వదిలించుకున్నారు, మాకు తగిలించారు" అన్నారు. జనం నవ్వారు. రేంజర్ టోపీ తీసి, మిగతాది చెప్పమని పక్కకి జరిగాడు. అత్తయ్య తల తిప్పుకుంది గానీ ఫోన్లో వీడియో తీస్తూనే ఉంది.

తర్వాత మ్యూజియంలో జేమ్స్ ఆర్మిస్టెడ్ గురించి చదివాం. బానిసగా ఉంటూనే కారన్‌వాలీస్ శిబిరంలోకి చేరి అమెరికా పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి సేనాని లఫాయెట్‌కి రహస్యాలు చేరవేశాడు. 1783లో పారిస్ ఒప్పందంతో దేశానికి స్వేచ్ఛ వచ్చింది, అతనికి మాత్రం అర్జీలు పెట్టుకుంటే 1787లో వచ్చింది. ఫ్రాన్సుకి దక్కింది అప్పు. ఆ అప్పే కొండలా పెరిగి 1789 ఫ్రెంచి విప్లవం దాకా లాక్కెళ్ళింది.

ఊళ్ళో ఉచిత ట్రాలీ తిరుగుతుంది, కారు నది ఒడ్డున పెట్టేసి ఎక్కండి. రూము యార్క్‌టౌన్ వైపే మామూలు హోటల్లో చూసుకోండి. రెండో రాత్రికి మేం అక్కడికే మారాం, పన్నుతో కలిపి 128 డాలర్లు, ఎవరూ మా కలలు అడగలేదు.

మావయ్యగారు ఇప్పుడు ఘాజీపూర్ అంటున్నారు. కారన్‌వాలీస్ 1805లో అక్కడే పోయాడు, సమాధీ అక్కడే. కాశీ నుంచి 75 కిలోమీటర్ల దాకా ఉంటుందని చెప్తే అత్తయ్య ఒప్పుకుంది, ముందు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయిస్తేనేనట.